మడత మాసిన దుప్పట్లు

"చాకలినయ్యా," అన్నాడు కేతన్న, గాడిదను వంతెన చివర నిలబెట్టి.

ద్వారపాలకుడు బసవడు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఆకలా? ఆకలేస్తే సత్రానికి పోవాలిగాని చెరసాలకొస్తావేంరా? ఇక్కడ పుష్కలంగా ఉన్నది అదొక్కటే. మూడొందల నలభై మంది తెల్లారి లేస్తే అదే తింటున్నారు."

"ఆకలి కాదు తాతా. చాకలి, చాకలి."

"ఒకసారి చెబితే చాల్లే. రెండుసార్లు చెబితే రెండు ముద్దలు పెడతారా?"

కేతన్న మూటలోంచి ఒక గుడ్డ లాగి, నెత్తిమీదికెత్తి, బండమీద కొడుతున్నట్టు అభినయించాడు. బసవడు ఈటె ఎత్తి రెండడుగులు వెనక్కు వేశాడు.

"నన్నే కొడతావా? ముద్ద దొరకలేదని మొగసాల కాపరిని కొట్టేవాణ్ణి నిన్నే చూశా."

బురుజు మీంచి భటనాయకుడు గండడు తొంగిచూసి, వాణ్ణి పంపమని చేత్తో సైగ చేశాడు. సైగ కళ్ళ వ్యవహారం గనుక బసవడికి వెంటనే అర్థమయింది. "పో ఆకలోడా, పో. లోపల నీకు బోలెడంత తోడు."

అలా చాకలి కేతన్న ఆకలోడై అమరకూటంలో అడుగుపెట్టాడు. ఆ రెండు మాటలకూ నడుమ ఒక్క అక్షరమే తేడా. ఆ కోటలో మనిషికీ శవానికీ మధ్య ఉన్న తేడా అంతకన్న పెద్దదేమీ కాదని అప్పటికి అతనికి తెలియదు.

కుసుమావతీ రాజ్యపు ఉత్తరపు సరిహద్దున, ఆమడ పొడవు మడుగు నడుమ, నీళ్ళలోంచి రాక్షసుడు పిడికిలి బిగించి పైకెత్తినట్టు ఒక నల్లకొండ. ఆ పిడికిలి మీద అయిదు బురుజులు, అయిదు వేళ్ళ ఉంగరాల్లా. గోడలు తారు పూసినట్టు నిగనిగలాడతాయి. వాటి నీడ పడిన చోట చేపలు కూడా ఈదవు. ఈదేవన్నీ మొసళ్ళే. కొండ చుట్టూ ఎప్పుడూ ఒక పల్చటి పొగ, కాటుక కలిపిన పాలలాగా, తిరుగుతూ ఉంటుంది. అదే అమరకూటం. కారాగారమన్న మాటలో కారమూ గారమూ రెండూ ఉన్నాయిగాని, ఆ చెరలో గంజికి కారమూ లేదు, మనిషికి గారమూ లేదు.

దానికి అధిపతి కరాళకంఠుడు. ధూమవిద్యలో ఆరితేరిన మాంత్రికుడు. మూడేళ్ళ కిందట రాజు వసంతపాలుడి కొలువుకు వచ్చి, "ప్రభూ, నా చెరలో మృత్యువు అడుగు పెట్టదు. ఒక్క ఖైదీ చచ్చినా నా తల తీయించండి," అని పందెం కట్టాడు. చావులేని చెర ఉన్న రాజుకు పాపభయం లేదు గనుక వసంతపాలుడు పొంగిపోయి కొండను అతని పరం చేశాడు. అమరకూటమని పేరు పెట్టింది మాంత్రికుడే. అమరులు కావడమంటే ఏమిటో, అందుకు మనిషి ముందుగా ఏం చెయ్యాలో రాజు ఆలోచించలేదు.

ఆ చెరకొక ఆచారం. ఖైదీని కొండకు పంపేటప్పుడు అతని ఇంటివాళ్ళు తమ ఇంటి రంగు అంచు కుట్టిన దుప్పటి ఒకటి ఇచ్చి పంపాలి. ఏడాదికొకసారి మాఘ పౌర్ణమినాడు, మిట్టమధ్యాహ్నం, ఖైదీలందరూ ఉతికిన దుప్పట్లు ముసుగేసుకుని కోటగోడ మీద నిలబడతారు. నేరస్థుడి ముఖం చూస్తే రాజ్యానికి అరిష్టమట, అందుకని ముసుగు. మడుగు ఇవతలి గట్టున తీర్పరి నిలబడి దుప్పట్లు లెక్కిస్తాడు. పెళ్ళాం పిల్లలు తమ అంచు వెతుక్కుని చెయ్యూపుతారు. అంచు కూడా చెయ్యూపుతుంది. అందరూ ఇళ్ళకు పోతారు.

కేతన్న అన్న లింగన్న సేనాపతి అంగీ ఉతకనన్నందుకు మూడేళ్ళ కిందట ఆ కొండ ఎక్కాడు. అంగీ నిండా నెత్తురు. "ఇది ఎవరిదో చెబితే ఉతుకుతా, చెప్పకపోతే ఉతకను," అన్నాడు. చెప్పలేదు, కొండకు పంపారు. నిరుటి పౌర్ణమినాడు వదిన గురవమ్మ గట్టుమీంచి తిరిగివచ్చి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా అంది:

"మీ అన్న ఎడమచేతివాటం కేతన్నా. ఇవాళ గోడమీద మన ఎర్రంచు కుడిచెయ్యి ఊపింది."

ఆ ఒక్క మాట పట్టుకుని కేతన్న బయలుదేరాడు. పౌర్ణమికి దుప్పట్లు ఉతకడానికి పరదేశపు చాకలి కావాలని కోట చాటింపు వేయించినప్పుడు, పేరు మార్చి, యాస మార్చి, ముంజేతి మీది ఉతుకుడు బండ పచ్చబొట్టు కనపడకుండా చౌడుమన్ను దట్టంగా పట్టించి వచ్చాడు. ఆ పచ్చబొట్టు వాళ్ళ ఇంటి ఆనవాలు. అన్న చేతిమీదా ఉంది.

కరాళకంఠుడు అతణ్ణి కొలువుకూటంలో నిలబెట్టి చుట్టూ తిరిగాడు. మాంత్రికుడు నడిస్తే అడుగుల చప్పుడు వినబడదు. ముక్కుపుటాల్లోంచి సన్నగా పొగ వస్తుంది.

"చేతికి ఆ మన్నేంటి?"

"చాకలి చేతికి చౌడు కాక చందనం ఉంటుందా దొరా?"

"నోరు బాగా ఉతికారు నీకు," అన్నాడు మాంత్రికుడు. "విను. రేపు మధ్యాహ్నానికి మూడొందల నలభై దుప్పట్లు తెల్లగా ఉండాలి. నువ్వు చూసేది బట్టల్ని. మనుషుల్ని కాదు. కిందటేడు ఉతికినవాడికి ఈ తేడా తెలియలేదు."

"ఏమయ్యాడు దొరా?"

"అమరుడయ్యాడు," అన్నాడు కరాళకంఠుడు, నవ్వకుండా.

కోట పెరట్లో నల్లరాతి తొట్టి, పక్కన ఉతుకుడు బండ. కేతన్న కర్రపెట్టెల్లోంచీ ఖైదీల కొట్లలోంచీ వచ్చిన దుప్పట్లను కుప్ప పోయించి, ఒక్కొక్కటీ విప్పాడు. పదోది విప్పేసరికి చెయ్యి ఆగింది.

బట్ట ఎక్కడ మాసిందో చూస్తే ఎవరు కట్టారో చెప్పడం చాకలికి అక్షరాభ్యాసం. కప్పుకుని తిరిగిన దుప్పటి మెడ దగ్గర మాస్తుంది. పెట్టెలో పడి ఉన్న దుప్పటి మడత దగ్గర మాస్తుంది. మెడ మాసింది మనిషిది; మడత మాసింది పెట్టెది. పెట్టెకు ఆకలి వెయ్యదు, చెమట పట్టదు, పెళ్ళాం ఉండదు.

కేతన్న దుప్పట్లను రెండు కుప్పలు చేశాడు. మెడ మాసినవి రెండువందల ఇరవై ఎనిమిది. మడత మాసినవి నూట పన్నెండు. వాటి అంచులన్నీ రకరకాలు: నీలం, పసుపు, చిలకపచ్చ, ఒకదానికి చిన్నపిల్లల పరికిణీ కుట్టు. ఏ ఇల్లాలో కళ్ళు చెమర్చుకుంటూ కుట్టిన కుట్టు, ఏడాదంతా వేపాకు వాసనలో పడుకుంది.

ఎర్రంచు కోసం వెతికాడు. దొరికింది. మెడ దగ్గర జిడ్డు. అరచెయ్యంత నల్లటి, కమ్మటి, బతికున్న జిడ్డు. కేతన్న దాన్ని ముఖానికి అదుముకున్నాడు. లోకంలో మురికిని ముద్దుపెట్టుకున్న చాకలి అతనొక్కడే అయి ఉంటాడు.

ఇక ఉతుకుడు మొదలుపెట్టాడు. రేవులో ఒక్కో ఇంటివాళ్ళకు ఒక్కో దెబ్బల వరస ఉంటుంది. మంచులో మనిషి కనబడకపోయినా ఎవరి బండో తెలుస్తుంది. కేతన్న ఇంటి వరస అయిదు దెబ్బలు. చిన్నప్పుడు నాలుగు తమ్ముడు వేసేవాడు, అయిదోది అన్న వేసేవాడు. వేషం బయటపడకూడదని ఇప్పుడు నాలుగింటికే ఆపాడు. డబ్, డబ్, డబ్, డబ్. అడుగునుంచి మెల్లగా ఇంకొకటి వినబడింది: డబ్.

"ఈ కొండకూ మంత్రం పట్టింది. నాలుగు తిని అయిదు కక్కుతోంది," అని గొణుక్కుని గుడ్డ తిరగేశాడు.

దుప్పట్లు ఆరాక, ఎండ ఇంకా గోడ దిగకముందే, రసం అంటకుండా చేతులకు నువ్వులనూనె రాసుకుని నడుమునున్న సొరకాయబుర్ర మూత తీశాడు. అందులో నల్లజీడి రసం. చాకలి బట్టకు గుర్తు పెట్టేది దానితోనే. బట్టమీద పడితే ఏడు ఉతుకులకైనా పోని నలుపు. ఒంటిమీద పడితే ఏడుపుతోగాని పోని బొబ్బ. మడత మాసిన నూట పన్నెండింటికీ మెడ తగిలే చోట, లోపలివైపు, జానెడేసి పట్టించాడు. చచ్చినవాడి దుప్పటి రేపు ఎవడో ఒకడు కప్పుకోవాలి గదా. కప్పుకున్నవాడి కథ ఒళ్ళే చెబుతుంది.

ఆఖరిదానికి పట్టిస్తుండగా గండడి చెప్పుల చప్పుడు వినబడింది. కేతన్న బుర్రతో సహా దుప్పట్ల కుప్పలో దూరాడు.

"చాకలోడేడీ?" గండడు కుప్పలోకి కత్తి దించాడు. కత్తి కేతన్న చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండోసారి దించాడు; తలపాగా చీలింది. మూడోసారి ఎత్తినప్పుడు కుప్పలోంచే గురక వినబడింది.

"పనిచెయ్యమంటే పడక వేశావా వెధవా," అని గండడు కాలితో తన్నాడు.

కేతన్న కళ్ళు నులుముకుంటూ లేచాడు. "మెత్తగా ఉన్నాయి నాయకా. నిద్ర నన్ను ఉతికేసింది."

పౌర్ణమి రానే వచ్చింది. పొద్దున్నే ఖైదీలకు దుప్పట్లు కప్పారు. ఆ వెనక భటులు, మీసాలు దువ్వుకుంటూ నవ్వుకుంటూ, చచ్చినవాళ్ళ దుప్పట్లు కప్పుకోబోయారు. లెక్కకు ఒక భటుడు తగ్గాడు. పిప్పిపన్ను నొప్పితో మూలుగుతూ పడి ఉన్నాడట. మిగిలిన దుప్పటి కరాళకంఠుడి చేతిలో ఉంది. మాంత్రికుడి చూపు పెరడంతా తిరిగి కేతన్న మీద వాలింది.

"నువ్వు కప్పుకో."

"నేనా? నేను ఉతికేవాణ్ణి దొరా, కప్పుకునేవాణ్ణి కాదు."

"ఇవాళ కప్పుకుంటావు. కాదంటే రేపు నిన్ను కప్పుతారు."

తన చేత్తో జీడి పూసిన దుప్పటి తన మెడమీదే పడింది. మెడకు నువ్వులనూనె రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. కేతన్న గోతిని ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి మరీ పడ్డాడు.

గోడమీద మూడొందల నలభై తెల్ల ముసుగులు. కింద మడుగు, మడుగు నిండా మొసళ్ళు, మడుగుకు ఆవల గట్టు నిండా జనం. తీర్పరి శీలభద్రుడు రాజధ్వజం కింద నిలబడి పుల్ల చూపుతూ లెక్కిస్తున్నాడు. కరాళకంఠుడు కంచుపాత్రలోంచి పొగ వదిలాడు. అది గోడ ముందు పల్చటి తెరలా కట్టింది. భటుల కాళ్ళకున్న చెప్పులు ఆ పొగలో దాగాయి.

కేతన్న తోపులాటలో జరిగి జరిగి ఎర్రంచు పక్కకు చేరాడు.

"అన్నా," అన్నాడు పెదవి కదపకుండా. "నేనే. కేతన్నని."

కేతన్న దాని పక్కకు ఇంకా జరిగాడు.

"వదిన గట్టుమీదే ఉంది. చెయ్యి ఊపు. ఎడమచెయ్యి."

ముసుగులోంచి బొంగురు గొంతు, ఎన్నడూ వినని గొంతు, వచ్చింది. "నేను మీ అన్నని కాను తమ్ముడూ."

కేతన్న ఆ ఎర్రంచు పట్టుకున్నాడు. "ఆ దుప్పటి మా అన్నది. మెడ మాసింది. మనిషి కప్పుకున్న దుప్పటి అది."

"కప్పుకుంటున్నది నేను. నా పేరు తిప్పడు. ఇల్లు లేనివాణ్ణి, దుప్పటి ఇచ్చేవాళ్ళు లేరు, దుప్పట్ల లెక్కలోనూ లేను. చలికి చస్తుంటే మీ అన్న కప్పాడు. నిరుటి పౌర్ణమి ముందు ఈ దుప్పట్లన్నీ ఉతికింది ఆయనే. మడతలు చూసి, చచ్చినవాళ్ళ లెక్క పైకి అనేశాడు. ఆ పూటే పట్టుకుపోయారు."

"ఎక్కడికి?"

తిప్పడు జవాబు చెప్పేలోగా గోడ ఆ చివరన ఒక ముసుగు మెడ గోక్కుంది. దాని పక్కది భుజం రుద్దుకుంది. నాలుగోది గంతేసింది. పొద్దుటినుంచీ చెమటలో నానిన జీడి ఎండ తగలగానే నిప్పందుకుంది. క్షణంలో కోటగోడ మీద నూట పదకొండు ముసుగులు తాండవమాడసాగాయి. నిజమైన ఖైదీలు మాత్రం శిలల్లా నిలబడ్డారు. దొరతనమంతా దురదతనమైంది. ఒకడు దుప్పటి లాగి విసిరేశాడు. లోపల భటుడి తోలుపట్టీ, కత్తి, మెలిపెట్టిన మీసం. వాడి వెనక పదిమంది. గండడు, "విప్పొద్దురా, విప్పినవాడి తల తీస్తా," అని అరుస్తూనే తన ముసుగు తానే చింపుకున్నాడు.

గట్టుమీద నవ్వు పుట్టింది. అది గట్టు పొడవునా పాకకముందే చచ్చిపోయింది. జనానికి అర్థమైంది.

నడివయసు ఇల్లాలొకతె నీళ్ళ అంచుదాకా నడిచివచ్చింది. మొసలి తల తిప్పినా ఆమె చూడలేదు. "ఆ నీలంచు నాది," అంది, గోడమీద నీలంచు తొక్కుతూ గోక్కుంటున్న భటుణ్ణి చూపించి. "మరి రెండేళ్ళుగా నేను చెయ్యూపుతున్నది ఎవడికయ్యా?"

కేతన్న తన దుప్పటి విప్పి, మెడమీద బొబ్బలు లేస్తుండగా, గోడ అంచుమీదికెక్కాడు.

"తీర్పరి దొరా, వినండి. ఎగిరేవాళ్ళు భటులు. నిలబడినవాళ్ళు ఖైదీలు. జీడి పూసింది నేను. మెడ మాసిన దుప్పట్లకు పుయ్యలేదు, మడత మాసిన వాటికే పూశాను. పెట్టెలో ఉన్న దుప్పటికి మనిషి లేడు. అలాంటివి నూట పన్నెండు. ఆ నూట పన్నెండు ఇళ్ళవాళ్ళకూ చావు కబురు చేరలేదు."

శీలభద్రుడి చేతిలో పుల్ల విరిగింది. ఆయన రాజధ్వజాన్ని నేలకు వాల్చాడు. అది వంతెన దించమనే ఆజ్ఞ. "దించకు," అని కరాళకంఠుడు గొంతు చించుకున్నాడుగాని, బసవడికి గొంతులతో పనిలేదు, జెండాతోనే పని. గొలుసులు కిర్రుమన్నాయి, వంతెన దిగింది, జనం వరదలా కోటలోకి పడ్డారు. మంట ఆగని భటులు కొందరు మడుగులో దూకారు. మొసళ్ళకు జీడి పట్టింపు లేదు.

కరాళకంఠుడు కంచుపాత్రను రాతిమీద బద్దలుకొట్టాడు. నల్లటి పొగ ఏనుగులా లేచి పెరడంతా మింగింది. అందులోంచి ఇనపతలుపు మూసుకున్న చప్పుడు ఒక్కటే వినబడింది. పొగ తేలేసరికి మాంత్రికుడు లేడు. ఉతుకుడు బండ పక్కన, అంతవరకు మాంత్రికుడి పొగ దాచి ఉంచిన ఇనపతలుపొకటి నేలలో మెరుస్తోంది.

"అదే," అన్నాడు తిప్పడు రొప్పుతూ. "మీ అన్నను దించింది అందులోకే. బండ వెనక ఒక బీట ఉంది. మా గంజిలో సగం రోజూ అందులో పోస్తున్నాం. రెండొందల పైచిలుకు మందిమీ సగం కడుపుతో ఉన్నాం. ఉన్నాడో లేడో తెలీదు. పోస్తున్నాం, అంతే."

గురవమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఎర్రంచును గుర్తుపట్టింది; దాన్ని కప్పుకున్న ముఖాన్ని చూసింది. చెంగు నడుముకు బిగించి ఇనపతలుపు ముందు కూర్చుంది.

తలుపు మూసుకోగానే తాళం దానంతటదే పడింది. కోట తాళంచెవులన్నీ బసవడి మొలలోనే. శీలభద్రుడు చెయ్యి చాచాడు. బసవడు ఇవ్వకుండా కేతన్న ముఖంలోకి చూశాడు.

"ఈ ఆకలోడు ఏం తినడానికి దిగుతాడయ్యా అందులోకి?"

చౌడుమన్ను చెమటకు కరిగి కేతన్న ముంజేతిమీది పచ్చబొట్టు బయటపడింది. అతను ఆ బండబొమ్మను ముసలాయన కళ్ళముందు పెట్టి, పక్కనున్న నిజం బండను చూపించాడు. తరవాత తడిగుడ్డ ఎత్తి కొట్టాడు. డబ్, డబ్, డబ్, డబ్.

ఆగాడు. కోటంతా ఆగింది. రెండొందల పైచిలుకు ఖైదీలు, గట్టు జనం, తీర్పరి, కట్టేసిన గండడు కూడా ఊపిరి బిగబట్టారు.

అడుగునుంచి ఏమీ రాలేదు.

గురవమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు బసవడు హఠాత్తుగా వంగి తన అరికాలు పట్టుకున్నాడు.

"ఇదిగో, మళ్ళీ వచ్చింది," అన్నాడు విసుగ్గా. "ఏడాదిగా ఇంతే. నేలలోంచి కాళ్ళలోకి కొడుతుంది. వాతమని ఆముదం కూడా తాగాను."

"ఎన్ని కొట్టింది తాతా?" కేతన్న వేళ్ళు చాచి అడిగాడు.

ముసలాయన ఒక్క వేలు చూపించాడు. "ఒకటి. నువ్వు కొట్టడం మానగానే."

తీర్పరి నేలకు చెవి ఆనించాడు. మళ్ళీ వచ్చిన దెబ్బ ఈసారి అందరికీ వినబడింది, సన్నగా, బలం లేకుండా, ఎడమచేత్తో కొట్టినట్టు ఒక పక్కకు వాలి. గురవమ్మ గొంతులోంచి ఏదో మాటకాని మాట వచ్చింది.

బసవడు గుడ్డను, బండను, పచ్చబొట్టును మార్చి మార్చి చూశాడు. అతని ముడతల ముఖం నెమ్మదిగా విచ్చుకుంది. జనంవైపు తిరిగి, చెవిటివాళ్ళ పద్ధతిలో అందరికీ వినిపించేలా చెప్పాడు:

"ఓరి, ఇది చాకలా. నిన్న వంతెన దగ్గర వీడు ఆకలన్నాడనుకున్నా. కింద ఉన్నదీ చాకలే. ఏడాదిగా వాడు నాకు చాకలని చెబుతుంటే నేను వాతమనుకున్నా. అరుపులు వినబడవనే నన్నిక్కడ పెట్టుకున్నాడు ఆ పొగముక్కోడు. అరికాళ్ళు కూడా చెవిటివనుకున్నాడు."

తాళంచెవి కేతన్న చేతిలో పడేశాడు. ఇనపతలుపు లేచింది. లోపలినుంచి చల్లటి చీకటీ, దానివెంట సన్నటి పొగా పైకి వచ్చాయి. తిప్పడు విప్పి ఇచ్చిన ఎర్రంచు దుప్పటి భుజాన వేసుకుని కేతన్న మొదటి మెట్టు దిగాడు.